రెండు శేర్ల నెయ్యి

గౌలిపుర,
9 జనవరి 1938

నీలమ్మ అత్తకు ఆండాలు రాస్తున్నది.

నువ్వు పంపిన నువ్వులు అందాయి. తాత రోజూ బెల్లం వేసి దంచించుకుని తింటున్నాడు. పళ్ళు పోయినా నువ్వుల మీద యావ పోలేదు. ఆయన చెప్పిన మాట చెప్పినట్టే రాయమన్నాడు: "దవాఖానల పనిజేసే నా బిడ్డకు తీరికెప్పుడు దొరుకుతదో అడుగు. నేను పోయినంక వస్తదా?"

కాన్వెంటులో నేను చిన్నపిల్లలకు అక్షరాలు చెప్తున్నాను. మిగతా పొద్దంతా పుస్తకాల గది చూసుకుంటాను. బాపు బతికున్నప్పుడు పాలు పోసిన వాకిట్లోంచే రోజూ లోపలికి పోతాను. ఆయన పాలు చూసే కదా సిస్టర్లు నన్ను బళ్ళో చేర్చుకున్నది.

కొట్టం సంగతి కూడా రాయమన్నాడు తాత. పోయినేడు నాలుగు బర్రెలు ఈసుకుపోయాయి. దూడలు నెలలు నిండకుండానే పడిపోయాయి. ఎల్లప్ప దగ్గర తెచ్చిన దున్నపోతును తాత వెనక్కి తోలించాడు. ఇప్పుడు మూడు చూడితో ఉన్నాయి, బాగున్నాయి.

ఇక నేను అడగవలసింది. నాకు తెలిసిన ఒకామెకు రెండేళ్ళ కిందట అరచేతుల్లో, అరికాళ్ళలో ఎర్రని మచ్చలు వచ్చాయి. దురద లేదు. వాటంతట అవే పోయాయి. ఇప్పుడామెకు మూడో నెల. ఆ మచ్చలకూ కడుపులో బిడ్డకూ ఏమైనా సంబంధం ఉంటుందా? నువ్వు ఇన్నేళ్ళుగా దవాఖానలో ఉన్నావు, నీకు తెలిసి ఉంటుంది.

జవాబు కార్డు మీద రాయవద్దు. మన ఇంట్లో ఉత్తరం వస్తే ఏం జరుగుతుందో నీకు తెలుసు. తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. అంజన్ అన్న చదివింది ఉర్దూ బడిలో; తెలుగు అక్షరాలు జిలేబీ చుట్టల్లా కనిపిస్తాయంటాడు. పోస్టు జవాను వాకిట్లో కేకేస్తే చాలు, అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంటుంది, తాత మంచం దగ్గరికి జరుపుకుంటాడు, అందరూ నా నోటివైపు చూస్తారు. మొదటి అక్షరం నుంచి చివరిదాకా గట్టిగా చదవాలి. కాబట్టి నేనడిగినదానికి వేరే కాగితం మీద రాసి లోపల మడిచి పెట్టు.

నీ
ఆండాలు


మెదక్, మిషన్ దవాఖాన,
15 జనవరి

ఆండాలూ,

ఈ కాగితం నీ ఒక్కదానికే. పైకాగితం అందరి ముందు చదువు.

ఎవరే ఆ తెలిసిన ఒకామె? ఇరవై ఏళ్ళ నుంచి ఈ వరండాలో నిలబడుతున్నాను. ఇక్కడికొచ్చే ఆడవాళ్ళలో సగం మంది తమ సంగతి చెప్పరు, పక్కింటామె సంగతి చెప్తారు. పక్కింటామెకు కడుపు నొప్పి, పక్కింటామెకు నెల తప్పింది. మందు మాత్రం వాళ్ళే తాగిపోతారు.

నా దగ్గర దాచకు. వాడెవడు? కాన్వెంటుకు పోయే దారిలో తగిలినవాడా? పెళ్ళి చేసుకుంటానన్నాడా? నేను తిట్టను బిడ్డా. పదకొండేళ్ళకు ముండమోసి ఇంట్లో మూల కూర్చున్నదాన్ని, లోకం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆ మచ్చలు మంచివి కావు. దాని పేరు కాగితం మీద పెట్టను. వచ్చేసెయ్. ఇక్కడ డాక్టరమ్మ ఉంది. ఐదో నెల రాకముందే రావాలి.

నిన్ను వెంటనే పంపమని పైకాగితంలో రాశాను. కారణం వచ్చాక చెప్తానన్నాను.

భయపడకు. కాని ఆలస్యం చేయకు.

నీ మేనత్త
నీలమ్మ


గౌలిపుర,
20 జనవరి

అత్తా,

ఆ ఒకామె నేను కాదు.

నీ కాగితం బర్రెల కొట్టంలో నిలబడి చదివాను. తప్పు నీది కాదు. సిగ్గుపడి సగం రాశాను, ఆ సగం నా మీదికే వచ్చింది.

ముందు పైకాగితం ఏం చేసిందో విను. "ఆండాలును వెంటనే పంపండి, కారణం వచ్చాక చెప్తాను" అని నేను చదవగానే అమ్మ తొడ మీద చరుచుకుంది. "సంబంధం చూసింది మీ అత్త. కారణం వచ్చినంక చెప్తనంటే గింకేముంటది?" అన్నది. తాత "పిలగాడు ఏం పనిజేస్తడట?" అని అడిగాడు. లేదని ఎట్లా చెప్పను? మరి ఎందుకు రమ్మన్నదంటే ఏం చెప్పను? అమ్మ నిన్న పత్తర్‌గట్టికి పోయి నాకు ఆకుపచ్చ చీర కొనుక్కొచ్చింది.

ఆ ఒకామె శారద వదిన.

వదినకు రెండు కాన్పులు పోయిన సంగతి నీకు తెలుసు. మొదటిది ఎనిమిదో నెల, రెండోది ఏడో నెల. ఇద్దరూ కడుపులోనే పోయి పుట్టారు. మళ్ళీ మూడో నెల అని నాకొక్కదానికే చెప్పింది. అమ్మకు చెప్పలేదు. చెప్తే మళ్ళీ మొక్కులు, తాయెత్తులు, మళ్ళీ లెక్కపెట్టడం.

మచ్చలు పెళ్ళైన నాలుగు నెలలకు వచ్చాయి. అమ్మ వేడి అన్నది, పలుచని మజ్జిగ తాగించింది. పోయాయి. అంతకు ముందు అన్నకు ఏదో జబ్బు చేసిందని వదిన మొన్న చెప్పింది. "మీ అన్న పెండ్లికి ముంగట బొంబాయి తబేలాల బర్రెల కాడ రెండేండ్లు పనిజేసిండు గద. అచ్చినంక గల్లీల ఒక హకీం దగ్గర పొట్లాలు తెచ్చుకునేటోడు. గవి తింటే నోట్లెకెళ్ళి సొల్లు కారేది, పండ్లు కదిలినయి. ఏందంటే వేడి అనేటోడు. ఇద్దరికీ వేడేనాయె మీ ఇంట్ల" అని నవ్వింది. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

కాన్వెంటులో ఇంటి వైద్యం పుస్తకం ఒకటుంది. అందులో నాలుగు ఆకులను ఎవరూ చదవకుండా సిస్టర్లు మైదాపిండితో అంటించేశారు. ఇన్నేళ్ళలో వాటిని ముట్టుకోవాలని నాకు అనిపించలేదు. నిన్న దాన్ని చీర కొంగులో చుట్టి ఇంటికి తెచ్చాను. పాలు కాగుతుంటే ఆవిరి మీద పట్టాను. ఆకులు విడిపోయాయి. చదివాను. అర్థమైంది సగం. ఆ సగం చదివే నీకు రాస్తున్నాను.

ఇంకొకటి. అమ్మ తన తమ్ముడి కూతురు సక్కుబాయితో అన్నకు రెండో పెళ్ళి చేయాలని చూస్తోంది. సక్కుబాయికి పదిహేనేళ్ళు. శివరాత్రి దాటాక ముహూర్తం అంటున్నారు. వదిన ఏమన్నదో తెలుసా? "నా కడుపుల పిల్లలు నిలుస్తలేరు, నేనెట్ల వద్దంట?" అన్నది.

ఇది నేను అనుకుంటున్నదేనా? నువ్వు పేరు రాయనన్నావు. రాయి. నాకు పేరు కావాలి.

ఆండాలు


మెదక్,
29 జనవరి

బిడ్డా,

నీ ఉత్తరం చదివి నా చెంపలు నేనే వేసుకున్నాను. క్షమించమని అడగడం చేతకాదు, అందుకే తొందరగా పనిలోకి వస్తాను.

పేరు సవాయి. మీ పట్నంలో హకీంలు ఆతషక్ అంటారు, నీ ఇంగ్లీషు పుస్తకంలో సిఫిలిస్ అని ఉంటుంది చూడు, అదే.

నాకు తెలిసినట్టు చెప్తాను. ముందు ఒక పుండు లేస్తుంది. నొప్పి ఉండదు. నెల, నెలన్నరలో దానంతట అదే మానిపోతుంది. హకీం పొట్లం తిన్నవాడు పొట్లం వల్ల మానిందనుకుంటాడు. తాయెత్తు కట్టుకున్నవాడు తాయెత్తు వల్ల అనుకుంటాడు. ఏమీ చేయనివాడికీ మానుతుంది. మోసమంతా అక్కడే ఉంది. పుండు పోతుంది, రోగం నెత్తుట్లో ఉండిపోతుంది. అంజన్ తాను బాగయ్యాననుకునే పెళ్ళి చేసుకుని ఉంటాడు. వాడు పాపిష్ఠివాడు కాడు, తెలియనివాడు. అయినా రోగం వదినకు వచ్చింది. ఆడమనిషికి పుండు లోపల లేస్తే కనపడదు. తర్వాత మచ్చలు, అవీ పోతాయి. ఆపైన కడుపులో బిడ్డకు.

ఇది వచ్చేది ఆడామగా కలిసినప్పుడు, తల్లి నుంచి కడుపులో బిడ్డకు. చెంబు వల్ల, బావినీళ్ళ వల్ల, దిష్టి వల్ల రాదు. మీ అమ్మ, మా రుక్మా వదిన, శారద పళ్ళెం వేరే పెడితే పెట్టనివ్వకు.

మందుంది. నెత్తురు తీసి పరీక్ష చేస్తారు. తర్వాత వారానికొక సూది, కొన్నాళ్ళు నరంలోకి, కొన్నాళ్ళు పిర్రలోకి. ఏడాది పైనే పడుతుంది. ఇద్దరూ వేయించుకోవాలి. ఒకరే వేయించుకుంటే ఓటికుండలో నీళ్ళు పోసినట్టే. డాక్టరు సరేననేదాకా వేరే పడుకోవాలి. ఐదో నెలలోపు మొదలుపెడితే బిడ్డ దక్కుతుంది. నా చేతులతో కడిగి తుడిచిన పిల్లలున్నారు అట్లా దక్కినవాళ్ళు.

సక్కుబాయి సంగతి రెండుసార్లు చదివాను. ఆ పెళ్ళయితే ఇంకొక మనిషి, ఇంకో వరస కాన్పులు. పెళ్ళికి ముందు జాతకాలు చూపించినట్టు నెత్తురు చూపించాలంటుంది మా డాక్టరమ్మ. మిలటరీలో సిపాయిలకు రబ్బరు తొడుగులు ఇస్తారట, సిగ్గులేకుండా చేతిలో పెడతారట. సిగ్గుపడకపోవడమే సగం మందు అంటుంది ఆమె.

అంజన్‌తో నువ్వే చెప్పాలి బిడ్డా. ఇంకెవరున్నారు? వాడికి కోపం రానీ. ముందు వస్తుంది.

నీలమ్మ


గౌలిపుర,
6 ఫిబ్రవరి

అత్తా,

నాకు చేతకాలేదు.

మూడుసార్లు పోయాను అన్న దగ్గరికి. మొదటిసారి పాలు పిండుతున్నాడు. బర్రె తల తిప్పి నన్ను చూసింది, నేను తిరిగి వచ్చేశాను. రెండోసారి ఒక కాగితం మీద అంతా రాసుకుని పోయాను, చేతిలో పెట్టి రావచ్చునని. సగం దారిలో గుర్తొచ్చింది, ఆయనకు తెలుగు రాదు. నాకు ఉర్దూ రాదు. చదువుకున్నవాళ్ళం ఇద్దరం, ఒకరికొకరం చదువురానివాళ్ళం. కాగితం పొయ్యిలో వేశాను.

మూడోసారి ఆయనే పలకరించాడు. "ఏందే ఆండాలు, కోడిపిల్ల లెక్క తిరుగుతున్నవ్. పెండ్లి ఇష్టం లేదా? గిన్ని ఉత్తరాలు ఎవరికి రాస్తున్నవ్? అత్తకేనా?" నేను తల దించుకున్నాను. "ఎవడన్న ఉంటే చెప్పు. అమ్మ లొల్లి పెడ్తే నేను చూసుకుంట. ఫికర్ చెయ్యకు" అన్నాడు. అంత మెత్తగా మాట్లాడతాడనుకోలేదు. ఇక ఆ మనిషితో ఈ మాట ఎట్లా అనను?

పిల్లలు నిలవని మనిషి అని, వదిన గ్లాసును అమ్మ వేరే గూట్లో పెట్టింది. నేను తీసి అందరి గ్లాసుల్లో కలిపాను. మళ్ళీ పెట్టింది. మళ్ళీ కలిపాను. ఈ పని మాత్రం చేయగలుగుతున్నాను.

వదినకు నీ ఉత్తరం చదివి వినిపించాను, బావి దగ్గర, ఆమె చేద లాగుతుంటే. చేద దించి గట్టు మీద పెట్టింది. తర్వాత "అయితే గది నా పాపం కాదా?" అని అడిగింది. కాదన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ కాదన్నాను. "మంచిగ సూడు, నీలమ్మత్త రాసిందా గట్లనే?" అన్నది. రాసిన చోటు చూపించాను. ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఉంచింది, నీళ్ళచేతితో. సిరా అలుక్కుపోయింది.

నువ్వే రా అత్తా. నాకు నిద్ర పట్టడం లేదు. రోజులు లెక్కపెడుతున్నాను. నాలుగో నెల నడుస్తోంది.

ఆండాలు


మెదక్,
11 ఫిబ్రవరి
(కార్డు)

రుక్మా వదినకు, నాయనకు, అందరికీ. నేను క్షేమం. కవర్లు అయిపోయినందున కార్డు రాస్తున్నాను. డాక్టరమ్మ ఊళ్ళు తిరగడానికి పోయింది. ఆమె రాగానే ఇరవై ఐదున బయల్దేరి వస్తాను. ఆండాలు పని నేను వచ్చాకే. అంతవరకు తొందరపడవద్దు. వదినా, మన ఇంటి నెయ్యి రెండు శేర్లు తీసి ఉంచు. ఇక్కడి నెయ్యి వాసన వేస్తోంది. నాయన దగ్గు తగ్గిందా?

నీలమ్మ


గౌలిపుర,
16 ఫిబ్రవరి

అత్తా,

నేను నీ పేరు మీద అబద్ధం చెప్పాను. ఎంత పెద్దదో చెప్తాను, విను.

నీ కార్డు నిన్న మధ్యాహ్నం వచ్చింది. నీకు తెలియదు, ముహూర్తం ముందుకు జరిగింది. శివరాత్రి దాటాక మూఢం వస్తుందన్నాడట అయ్యవారు. ఇరవయ్యో తారీఖున పెట్టారు. సక్కుబాయిని మొన్ననే తెచ్చి ఇంట్లో ఉంచుకుంది అమ్మ. రోలు కడిగి పెట్టారు, ఇవ్వాళ పసుపు దంచాలని.

పోస్టు జవాను కేకేశాడు. అమ్మ చేతులు తుడుచుకుని వచ్చింది. తాత మంచం జరుపుకున్నాడు. అన్న అప్పుడే పాలు పోసి వచ్చి గడపలో కూర్చున్నాడు. వదిన తలుపు పక్కన. సక్కుబాయి వదిన పక్కనే ఒదిగి కూర్చుని ఆమె గాజులు లెక్కపెడుతోంది. ఆ పిల్లకు వదినంటే ఇష్టం.

"సదువు" అన్నది అమ్మ.

నేను కార్డు చూశాను. నువ్వు వచ్చేది ఇరవై ఐదున. పెళ్ళి ఇరవైన. నా కళ్ళ ముందు అక్షరాలు లేవు. క్షేమం అని చదివాను. తర్వాత నా నోరు చదువుతూనే పోయింది.

చదవడం మొదలుపెడితే నాకు సిగ్గుండదు అత్తా. అది నాకు నిన్ననే తెలిసింది. కాన్వెంటులో ప్రార్థన చదివినట్టు గొంతు నిలకడగా వచ్చింది. నేను మాట్లాడటం లేదు, నువ్వు మాట్లాడుతున్నావు. "అంజన్‌కు బొంబాయిలో వచ్చింది వేడి కాదు, సవాయి రోగం" అని చదివాను. పుండు దానంతట అది మానుతుందని, రోగం మానదని చదివాను. ఇద్దరు పిల్లలు ఎందుకు పోయారో చదివాను. శారదకు మళ్ళీ నాలుగో నెల అని చదివాను. చెంబు వల్ల రాదని చదివాను, అమ్మ వైపు చూడకుండా. సూదుల సంగతి, వేరే పడుకోవాలన్న సంగతి, రెండో పెళ్ళి చేస్తే ఆ పిల్లకూ వస్తుందన్న సంగతి చదివాను. నీ పాత ఉత్తరం నాకు కంఠతా వచ్చేసింది. అదంతా చదివాను. నెయ్యి సంగతి చదవనే లేదు.

నేను ఆపాను. అమ్మ నోట్లో కొంగు పెట్టుకుంది.

అన్న లేచాడు. మొహం నల్లబడింది. "అత్తకు పిచ్చి లేసిందా? నాకు ఎప్పుడో నయమైంది. ఉంటే గిన దీని దగ్గర్నుంచే వచ్చిందేమో" అన్నాడు, వదిన వైపు చెయ్యి చూపించి.

తాత దగ్గాడు. "బొంబాయి పోయింది అదా, నువ్వా?"

అన్న ఆ చెయ్యి దించేశాడు.

"పోయినేడు నాలుగు బర్రెలు ఈసుకపోయినయి" అన్నాడు తాత. "నేను బర్రెలను అమ్మిన్నా? తిట్టిన్నా? దున్నను తోలిచ్చిన. గా ఎల్లప్ప ఎంత లొల్లి పెట్టిండు, నా దున్న మస్తు మంచిది, రాయి లెక్క ఉంటదని. ఉంటది. రోగం లోపల ఉంటది, పైకెళ్ళి రాయి లెక్కనే ఉంటది. కొట్టంల గంత తెలివి ఉన్నది మనకు. ఇంట్ల ఏమాయె?" అన్న వైపు తిరిగాడు. "ఇంట్లున్న దున్న ఒక్కటే. తోలియ్యరాదు. సూది ఏపియ్యాలె."

అమ్మ అప్పుడు ఏడుపు మొదలుపెట్టింది. "ముహూర్తం పెట్టినంక గిదేంది మామా? నా తమ్మునికి నేనేం చెప్పాలె?" అని. పెళ్ళి ఆగదేమో అనిపించింది నాకు. అప్పుడు సక్కుబాయి, గాజులు వదలకుండానే అడిగింది.

"పెండ్లైనంక గా సూది నాకు గూడ ఏస్తరా అత్తా?"

అమ్మ ఆ పిల్లను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి పోయి రోలు బోర్లించింది.

ఇక నా భయం చెప్తాను. అందరూ లేచాక తాత నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగాడు. "గంత కార్డుల గిన్ని మాటలెట్ల పట్టినయే?"

"ముందు వెనక రాసింది తాతా."

"మస్తు సన్నగ రాసినట్టున్నది" అని అటు తిరిగి పడుకున్నాడు.

కాని అన్న ఆ కార్డు నా చేతిలోంచి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒక్క అక్షరం తెలియదు. అంగీ జేబులో పెట్టుకుని బయటికి పోయాడు. పత్తర్‌గట్టిలో తెలుగు చదివే షావుకార్లు ఇద్దరు ముగ్గురున్నారు. ఎవరి చేతిలోనైనా పెడితే నెయ్యి సంగతి బయటపడుతుంది, అంతా నా కల్పన అంటాడు. నిన్న పోయినవాడు ఈ పూటదాకా ఇంటికి రాలేదు. పాలు తాతే పిండాడు, నేను దూడలను పట్టుకున్నాను.

నన్ను ఏమనాలనుకుంటే అను. తర్వాత అను. ముందు ఏం చేయాలో చెప్పు.

ఆండాలు


మెదక్,
21 ఫిబ్రవరి

ఆండాలూ,

ఇక్కడ రెండు ఊళ్ళలో కలరా మొదలైంది. నేను రాలేను, డాక్టరమ్మ వదలదు. నీ ఉత్తరం చేతులు కడుక్కుని చదివి, మళ్ళీ కడుక్కున్నాను.

ఇందులో ఇంకో కాగితం ఉంది. దాని మీద పదకొండు ఫిబ్రవరి అని తారీఖు వేశాను. నువ్వు చదివానన్న మాటలన్నీ అందులో రాశాను, నా చేతి రాతతో. "కార్డులో పట్టక ఇది వేరే పంపుతున్నాను" అని మొదట్లో రాశాను. అంజన్ అడిగితే ఇది చూపించు. ఇప్పుడు నీది అబద్ధం కాదు. కొంచెం ముందుగా చదివావు, అంతే.

వాళ్ళిద్దరినీ అఫ్జల్‌గంజ్ పెద్ద దవాఖానకు తీసుకుపో. చీటీలు ఇంగ్లీషులో ఉంటాయి, నువ్వు వెంట ఉండు. అంజన్ రానంటే శారదనైనా తీసుకుపో. వాడి కోసం ఆగకు.

పదకొండేళ్ళప్పుడు నా తరఫున ఇట్లా ఒక ఉత్తరం చదివేవాళ్ళుంటే బాగుండేది.

నీలమ్మ


గౌలిపుర,
4 మార్చి

అత్తా,

నువ్వు పంపిన కాగితం అవసరం పడలేదు. పెట్టెలో దాచాను.

అన్న పద్దెనిమిదో తారీఖున వచ్చాడు. ఎక్కడికి పోయాడో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కార్డు తెచ్చి నా పుస్తకాల మీద పెట్టాడు. ఎవరితోనైనా చదివించాడో లేదో నాకు తెలియదు. మొహం చూసి తెలుసుకుందామంటే నా వైపు చూడడు. నేనూ చూడను. మర్నాడు పొద్దున వదినతో "తయారు గా, దవాఖానకు పోదాం" అన్నాడు. "ఆండాలును గూడ రమ్మను" అన్నాడు. అంతే.

ఇద్దరికీ నెత్తురు తీశారు. ఇద్దరిలోనూ ఉంది. గురువారం గురువారం పోతున్నాం. సూదులు మొదలయ్యేసరికి వదినకు ఐదో నెల రాలేదు, నాలుగు రోజులు తక్కువ. మొదటి సూదికి జ్వరం వచ్చింది. అమ్మ రాత్రంతా పక్కన కూర్చుని తడిగుడ్డ వేసింది. ఆ రాత్రి నీళ్ళు తాగించింది అందరి గ్లాసుతోనే.

సక్కుబాయి వాళ్ళింటికి పోయింది. పోతూ వదినకు తన గాజులు రెండు ఇచ్చింది.

నేను అంటించిన ఆకులు విప్పిన సంగతి సిస్టర్ కనిపెట్టింది. పుస్తకం తెరిచి, మూసి, నన్ను చూసింది. నేను కాళ్ళు చూసుకున్నాను. ఆమె దాన్ని తిరిగి అరలో పెట్టింది. మైదాపిండి అడగలేదు.

నాకు సంబంధం చూశావన్న నమ్మకం అమ్మకు ఇంకా పోలేదు. దీనికి నువ్వే జవాబు చెప్పుకో.

ఆండాలు


గౌలిపుర,
26 మే

అత్తా,

మనసు కుదురుగా లేదు. అన్న రెండు గురువారాలు దవాఖానకు రాలేదు. "చెయ్యి గుంజుతున్నది, పాలు పిండరాదు. పదకొండు సూదులైనయి, నాకేమైంది, రాయి లెక్క ఉన్న" అన్నాడు. రాయి మాట విని తాత నవ్వాడు, అన్నకు కోపం వచ్చింది.

నేను ఏమీ చదవలేదు. చదవడానికి ఉత్తరమేదీ రాలేదు. వదినే చెప్పింది, అన్నం వడ్డిస్తూ, మామూలు గొంతుతో. "పుండు పోయినప్పుడు గూడ గిట్లనే అన్నవు. నువ్వు సూదికి పోకుంటే నేను పండుకునే అర్ర తలుపు తియ్య. ఈ కాన్పు అయినంక గూడ తియ్య. ఏడాదైనా తియ్య." అన్న చెయ్యి కంచంలోనే ఆగింది. వదిన పులుసు పోసింది.

ఇవ్వాళ పోయాడు.

బిడ్డ కదులుతోందంటుంది వదిన. నా చెయ్యి తీసుకుని పెట్టుకుంది. పోయినసారి కూడా ఏడో నెలదాకా కదిలింది. ఆ మాట నేను అనలేదు, ఆమె అనలేదు.

ఆండాలు


గౌలిపుర,
30 జూలై 1938

అత్తా,

ఆడపిల్ల. గురువారం తెల్లవారుజామున. ఏడ్చింది. ఇంకా ఏడుస్తూనే ఉంది. తాతకు చెవులు సరిగ్గా వినపడవు, అయినా దుప్పటి కప్పుకుంటున్నాడు. "గింత లొల్లి పెట్టేది ఎవరి పోలికే? నీలమ్మ పోలికే" అంటున్నాడు.

ఒంటి మీద మచ్చ లేదు. నేను అరచేతులు విప్పి చూశాను, అరికాళ్ళు చూశాను. నెత్తురు తీసుకున్నారు, మూడు నెలలకు మళ్ళీ తీస్తారట. వదిన సూదులు ఇంకా ఉన్నాయి, అన్నవీ ఉన్నాయి. అందుకని నాకు భయం పూర్తిగా పోలేదు. చీటీలన్నీ తారీఖుల వరసలో కుట్టి పెట్టుకున్నాను.

ఈ ఉత్తరం మన గల్లీ బాలనర్సింహ చేతికి ఇస్తున్నాను. అతను మెదక్ వైపు బర్రెల కోసం పోతున్నాడు. అతని దగ్గర ఒక సీసా కూడా ఉంటుంది, గుడ్డ చుట్టి, తాడు కట్టి. అది నేను పంపుతున్నది కాదు.

పొద్దున బాలనర్సింహ వాకిట్లో నిలబడి ఉంటే అన్న లోపలి నుంచి ఆ సీసా తెచ్చి ఇచ్చాడు. "గిది మా అత్తకు. రెండు శేర్లు. ఫిబ్రవరిలనే అడిగింది, ఆలస్యమైందని చెప్పు" అన్నాడు. అమ్మ "నీలమ్మ నెయ్యెప్పుడు అడిగిందిరా?" అన్నది. అన్న పాలచెంబులు తీసుకుని పోయాడు.

నేను ఆ మాట ఇంట్లో ఎవరికీ చదవలేదు అత్తా.

నెయ్యి అందగానే రాయి. కార్డు మీద రాసినా ఫరవాలేదు.

నీ
ఆండాలు